నల్లమల ఘాట్‌లో సాడిల్ బ్యాగులు

మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి 9కి మూస్తే మళ్లీ ఉదయం 6కే తీస్తారు. అందుకే శ్రీశైలం వెళ్లే బైకర్లు ఎక్కువగా తెల్లవారుజామునే హైదరాబాద్ దాటేస్తారు. నేను మాత్రం ఏప్రిల్ ఎండలో, భోజనం చేసి బయల్దేరాను. కొత్తగా బిగించిన సాడిల్ బ్యాగులు వేడికి ఎలా ఉంటాయో తేల్చుకోవాలి. లడఖ్‌కి వెళ్లేలోపు తేలాల్సిన సంగతి అది.

వాటిని హైదరాబాద్ పుత్లీబౌలిలో బిగించారు. బ్యాగు పెట్టి చూడగానే మెకానిక్ కిందకి వంగి, సైడ్ ప్యానెల్ దిగువన ఉన్న అల్యూమినియం దిమ్మెను చూపించాడు. "అన్నా, గీడ గాలి ఆడాలె. బ్యాగు గిట్ల ఆనిందనుకో, రెక్టిఫైయర్ కాలిపోతది" అన్నాడు.

అరచేతిలో పట్టే వస్తువది. వీపంతా పళ్లు పళ్లుగా ఉంటుంది. కాయిల్ నుంచి వచ్చే ఏసీని డీసీగా మారుస్తుంది, ఇంజన్ ఎంత గట్టిగా తిరిగినా బ్యాటరీకి సుమారు 14.5 వోల్టులు మించి పోకుండా ఆపుతుంది. మన దగ్గర చాలా బండ్లకి ఉండే షంట్ రకంలో బండి వాడుకోగా మిగిలిన కరెంటును కాయిల్‌కే షార్ట్ చేసి తిప్పేస్తుంది. ఆ పనిలో పుట్టే వేడంతా ఆ పళ్ల మీదుగా గాలిలో కలవాలి. వాటికి అడ్డంగా నిండు బ్యాగు వేలాడదీయడమంటే జ్వరమొచ్చిన మనిషికి రగ్గు కప్పడమే.

బ్యాగు ఆనుకునే స్టే ఫ్రేముకి మెకానిక్ బుష్షులు వేసి బ్యాగును బయటికి జరిపాడు, ఇంకొంచెం వెనక్కి తోశాడు. పళ్లకీ బ్యాగుకీ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరుతున్నాయి. వెనక ఇండికేటర్ బల్బు కాన్వాసుకి తగలకుండా దాన్నీ పక్కకి మార్చాడు. స్టే కింద వైరింగ్ నలగకుండా కట్టాడు. నా దృష్టిలో ఆ పనితనం బ్యాగు ఖరీదు కన్నా విలువైనది.

కడ్తాల్, ఆమన్‌గల్ దాకా బండి వేగంగా పోయింది. ఎదురుగాలి ఉన్నంతసేపూ ఏ బిగింపైనా బాగానే ఉంటుంది. డిండి దగ్గర ఆగి బ్యాగు లోపలి వైపు చెయ్యి పెట్టి చూస్తే వెచ్చదనం కూడా తెలియలేదు.

మన్ననూరు దాటాక అడవి మొదలైంది. ఆకు రాల్చిన చెట్లు, ఎండిన గడ్డి, అక్కడక్కడా ఇప్పపూల వాసన. రోడ్డు పక్కన కోతుల గుంపులు. తినుబండారాలు బ్యాగు పైజేబులో పెడితే బకిల్స్ కోతులకి లెక్క కాదు. వటవర్లపల్లిలో టీ తాగి కదిలాను.

అసలు పరీక్ష దోమలపెంట దాటాక, డ్యాం వైపు దిగే మలుపుల్లో. సెకండ్ గేరులో ఇంజన్ బ్రేకింగ్ మీద దిగుతుంటే ఇంజన్ గట్టిగా తిరుగుతుంది, బండి మాత్రం నెమ్మదిగా పోతుంది. కరెంటు ఎక్కువ పుడుతుంది, గాలి తక్కువ తగులుతుంది. రెక్టిఫైయర్‌కి ఇంతకన్నా గడ్డుకాలం లేదు.

కింద కృష్ణ దాటి సున్నిపెంటలో బండి ఆపగానే ఇంజన్ ఆన్‌లోనే ఉంచి బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టాను. 14.2. పళ్ల మీద నీటిబొట్టు వేస్తే చుయ్యిమంది. దాని ఎదురుగా ఉన్న కాన్వాసు మాత్రం గోరువెచ్చగా ఉంది, అంతే. ఇంజన్ ఆపి రెక్టిఫైయర్ ప్లగ్గు తీసి చూస్తే పిన్నుల దగ్గర ప్లాస్టిక్ రంగు మారలేదు. అక్కడ గోధుమరంగు కనిపిస్తే కనెక్టర్ కాలుతున్నట్టే.

ఈ ఏర్పాటుతో లడఖ్‌కి నిశ్చింతగా వెళ్తాను. మీరు కూడా బ్యాగులు కొనేముందు మీ బండికి రెక్టిఫైయర్ ఎక్కడుందో ఒకసారి వంగి చూడండి. పవర్ బ్యాంకు, స్ప్రే డబ్బాలు, మందులు ఆ వైపు బ్యాగులో పెట్టొద్దు. వోల్టేజి 15 దాటినా, ఇంజన్ ఆన్‌లో ఉండగా 13కి దిగినా ప్రయాణం ఆపి మెకానిక్‌కి చూపించండి.