ఖరగ్‌పూర్ పచ్చికలో ఒక పాఠం

ఉత్తరాంధ్ర కుటుంబాలలో ఖరగ్‌పూర్‌తో బంధుత్వం లేని కుటుంబం అరుదనే చెప్పాలి. మేనమామో, పెదతండ్రో, అక్కగారి అత్తవారో అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసి, అక్కడే ఇల్లు కట్టుకొని స్థిరపడి ఉంటారు. మా మేనమామగారు అట్టివారిలో ఒకరు. ఫిట్టరుగా పదవీ విరమణ చేసి ఎనభై అయిదేళ్ళు దాటిన ఆయనను చూచి రావలెనన్న కోరిక చాలా కాలంగా ఉన్నా, ఉద్యోగ బాధ్యతల వలన వాయిదా పడుతూ వచ్చింది. ఎట్టకేలకు గత వర్షాకాలంలో నాలుగు రోజులు సెలవు పెట్టి, విశాఖపట్టణంలో హౌరా వెళ్ళే రైలెక్కాను.

ఖరగ్‌పూర్ అనగానే సాంకేతిక విద్య చదివిన వారికెవరికైనా మొదట గుర్తుకు వచ్చేది 1951లో హిజ్లీలో వెలసిన ఐఐటీ. 1931 సెప్టెంబరు 16న నిర్బంధ శిబిరంలో తుపాకి గుండ్లకు ఇద్దరు దేశభక్తులు బలియైన చోటనే ఆ విద్యాలయం ఆరంభం కావడం చరిత్రలోని గొప్ప మలుపు. సామాన్య ప్రయాణికునికి మాత్రం గుర్తుండేది ప్లాట్‌ఫారం. 1,072 మీటర్ల ఆ వేదిక చిరకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. పెట్టె చేతబట్టి దాని చివరి వరకు నడిచిన వారికి ఆ రికార్డు పోయినా పొడవు తగ్గలేదని తెలుస్తుంది!

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. తూర్పు తీరపు రైలుమార్గంలో ఉత్తర భాగం 1902లో ఆ సంస్థలో కలిసిన పిమ్మట, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల జనానికి ఖరగ్‌పూర్ ఒకే రైల్వేలోని మరో స్టేషనయింది. ఎర్రని లాటరైట్ నేలమీద వర్క్‌షాపు లేచింది, క్వార్టర్లు లేచాయి. పనికోసం వచ్చిన తెలుగువారు తమ భాషను, పండుగలను, దేవుళ్ళను వెంట తెచ్చుకొన్నారు. బజారులో ఈనాటికీ తెలుగులో బేరమాడవచ్చు.

"ఏరా ఇంజనీరూ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చినానేటి?" అంటూ మావయ్య ఎదురు వచ్చారు. సాయంత్రం వాన వెలిసిన తరువాత, చేతికర్ర సాయంతో నన్ను రైల్వే గోల్ఫ్ మైదానం వైపు తీసికొని వెళ్ళారు. తడిసిన పచ్చిక, అక్కడక్కడ చెట్లు, మెల్లగా లేచి మెల్లగా దిగే నేల. పిల్లవాడుగా ఉన్నప్పుడు తాను అక్కడ దొరల బంతులు ఏరి ఇచ్చి అణాలు సంపాదించేవాడినని ఆయన చెప్పారు.

"బంతి ఎక్కడ పడిందో ఎలా తెలిసేది మావయ్యా?" అని అడిగాను.

"ఆకాశంకేసి చూడకూడదురా. వానొచ్చినప్పుడు నీళ్ళు ఎటు పోతాయో చూసుకొని ఉంచుకోవాల. బంతీ అటే పోద్ది" అన్నారాయన.

నేను నిలుచుండిపోయాను. ముప్పది యేళ్ళుగా లెవెలింగు పరికరంతో నేను కొలుస్తున్న వాలును ఆ బాలుడు చెప్పులు లేని కాళ్ళతో కొలిచాడు. ఆ మాట వినగానే, ఈ ఆటకు సంబంధించి ఎప్పుడో చదివిన ఒక స్కాట్లాండు పనివాని జీవితం నాకు స్ఫురించింది. పాఠక మిత్రులకు దానిని క్లుప్తంగా మనవి చేస్తాను.

టామ్ మోరిస్ 1821లో సెయింట్ ఆండ్రూస్ అనే సముద్రతీర పట్టణంలో ఒక నేతపనివాని ఇంట జన్మించాడు. బాల్యంలోనే బంతులు తయారుచేసే వానివద్ద శిష్యుడుగా చేరాడు. ఆనాటి బంతి తోలుసంచిలో ఉడికించిన ఈకలు కూరి కుట్టినది. తరువాత గట్టాపర్చా అనే చెట్టుపాలతో చౌకబంతి వచ్చింది. ఆ కొత్త బంతి విషయమై గురువుతో విభేదించిన మోరిస్, 1851లో ప్రెస్ట్‌విక్ చేరి, అక్కడ పన్నెండు గుంటల మైదానాన్ని తీర్చిదిద్దాడు. 1860లో ప్రారంభమైన ఓపెన్ పోటీకి అదే రంగస్థలం. ఆ పోటీలో ఆయన 1861, 1862, 1864, 1867 సంవత్సరాలలో విజేతగా నిలిచాడు. 1864లో స్వస్థలానికి తిరిగి వచ్చి, 1903 వరకు అక్కడి మైదాన పరిరక్షకుడుగా పనిచేశాడు.

మైదానాల రూపశిల్పులలో ఆయన ఆద్యుడని చెప్పవచ్చు. బుల్‌డోజరు లేని కాలమది. ఇసుక దిబ్బల నడుమ నడిచి, నేల తనంత తాను చూపిన చోట గ్రీన్‌ను, గుంటను నిర్ణయించి మేకులు పాతేవాడు. రైలెక్కి ఊరూరా తిరిగాడు. రోజుకు ఒక పౌను, పైన దారిఖర్చులు, ఇదీ ఆయన రుసుము. మ్యూర్‌ఫీల్డ్, ఐర్లండులోని రాయల్ కౌంటీ డౌన్ మొదలైన సుప్రసిద్ధ మైదానాలకు తొలిరూపం ఆయన చేతులమీదుగానే ఏర్పడింది. ఒకనాడు తోపుడుబండిలోని ఇసుక గ్రీన్ మీద ఒలికిందని, కొన్నాళ్ళకు అక్కడే గడ్డి ఒత్తుగా పెరిగిందని, అది గమనించి ఇసుక చల్లడాన్ని ఆయన ఒక పద్ధతిగా చేశాడని చెబుతారు. పలుచని ఇసుక పొర ఎగుడుదిగుడులను పూడ్చి, నీటిని క్రిందికి దింపి, వేళ్ళకు గాలి అందిస్తుంది. నేటికీ ప్రపంచమంతటా ఇదే విధానం. ఆదివారం నాడు ఆట నిషేధించి, నేలకు కూడా విశ్రాంతినిచ్చాడు.

ఆయన జీవితం పచ్చిక వలె మెత్తనిది కాదు. తండ్రి వలెనే నాలుగుసార్లు విజేతయైన కుమారుడు 1875 క్రిస్మస్ నాడు, ఇరవై నాలుగేళ్ళకే మరణించాడు. ఆ దుఃఖాన్ని దిగమింగి, తండ్రి మరో మూడు దశాబ్దాలు నేలను సాకుతూ జీవించి 1908లో కన్నుమూశాడు.

స్కాట్లాండులో ఈ ఆటను ఊరూరికి చేర్చినది రైలే. మన దేశంలో 1829లోనే కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు వెలసినా, రైలు పట్టణాలకు పచ్చిక మైదానాలను తెచ్చినవారు రైల్వే అధికారులే. మోరిస్ ఖరగ్‌పూర్‌ను చూడలేదు. కాని నేలను చదివి పనిచేయాలన్న ఆయన విద్య, బంతులేరే తెలుగు బాలునికి మరో దారిన అబ్బింది.

ఇక నా సంగతి చెప్పక తప్పదు. కొన్నేళ్ళ క్రిందట మా కాలనీలో పిల్లల ఆటస్థలం నిర్మాణం నా చేతిమీదుగా జరిగింది. స్థలంలో ఒక మూల చిన్న గుట్ట, దాని ప్రక్కన పల్లం ఉండేవి. కాగితంపై చక్కని చతురస్రం గీచి, గుట్టను త్రవ్వించి పల్లాన్ని పూడ్పించాను. ప్రారంభోత్సవంలో అందరూ ప్రశంసించారు. శ్రావణ మాసపు మొదటి పెద్దవానకు, పల్లంలో నిలువవలసిన నీరు ప్రక్కనున్న క్వార్టర్లలో ప్రవేశించింది. ఒక ఇంట పిల్లల పుస్తకాలన్నీ తడిసిపోయాయి. కాలువ త్రవ్వించి సరిదిద్దాను గాని, ఫైలులో మాత్రం "అసాధారణ వర్షపాతం" అని వ్రాశాను. ఆ వాన అసాధారణమైనది కాదు. ఏటా పడే వానే. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు.

ఆ సాయంత్రం మావయ్యతో అన్నాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "పనిలో తప్పు రానోడు లేడురా. మా షాపులో తప్పు జరిగితే సుద్దతో గీత పెట్టి ఉంచేవోళ్ళం, ఎనకొచ్చినోడికి తెలవాలని" అన్నారు.

తిరిగి వచ్చిన వారంలో ఒక నోటు వ్రాసి ఆ పాత ఫైలుకు జతపరచాను. గుట్ట, పల్లం ఉన్న చోట్లు, పూర్వపు ఎత్తులు, జరిగిన పొరపాటు, దానికి బాధ్యుడు ఎవరో అన్నీ అందులో ఉన్నాయి. కాలనీ విస్తరణ పథకంలో మరొక మైదానం రానున్నది. దాని పటం గీయక ముందు, మా యువ ఇంజనీర్లను వెంటబెట్టుకొని, జోరువానలో గొడుగులతో ఆ స్థలమంతా తిరిగాను. నీరు పోయే దారి వెంట మేకులు పాతించాను. బూట్లు బురదయ్యాయని ఒకరు విసుక్కున్నారు. అయినా ఆ మేకులన్నీ ఈసారి పటంలో చేరాయి.