లోనార్ పచ్చదనంలో దాగిన నీలం

సాయంత్రం సికింద్రాబాద్‌లో రైలెక్కి, జాల్నాలో దిగి, అక్కణ్నుంచి రోడ్డుదారిన లోనార్ చేరేసరికి ఎండ ముదిరింది. మహారాష్ట్ర బుల్ఢానా జిల్లాలోని ఊరది. గట్టు మీంచి చూస్తే దాదాపు 1.8 కిలోమీటర్ల వెడల్పున గుండ్రటి గొయ్యి. ఉల్క పడి దక్కను నల్లరాతిని తొలిచిన చోటు. అడుగున చిక్కటి ఆకుపచ్చ సరస్సు.

చెట్ల నీడలో దిగి, కమలజాదేవి గుడి దాటి ఒడ్డుకు వెళ్లాను. కుళ్లిన గుడ్ల వాసన. నీళ్లు ఉప్పన, పైగా ఘాటైన క్షారం. పీహెచ్ 10 దగ్గర ఉంటుంది. ఇలాంటి నీళ్లలో చేపలు సాధారణంగా బతకవు. స్పిరులినా అనే సయనోబాక్టీరియాకు మాత్రం ఇలాంటి నీళ్లే ఇష్టం. సరస్సు పచ్చదనం చాలావరకు దానిదే.

ఆ పచ్చదనం ఒక్క రంగు కాదు. పత్రహరితం వెలుగులోని నీలాన్నీ, ముదురు ఎరుపునీ పట్టుకుంటుంది. అది వదిలేసిన నారింజ వెలుగును ఫైకోసయనిన్ అనే నీలి వర్ణకం అందుకుని, ఆ శక్తిని పత్రహరితానికి చేరవేస్తుంది. ఈ నీలానికే ఇప్పుడు గిరాకీ. స్పిరులినా సారాన్ని మిఠాయిల్లో, చూయింగ్ గమ్‌లో రంగుగా వాడటానికి అమెరికా 2013లో అనుమతించింది.

లోనార్ అభయారణ్యం కనుక చుక్క నీరు కూడా తేలేదు. ఇంటికొచ్చాక స్పిరులినా పొడి కొని, చెంచాడు గ్లాసు నీళ్లలో కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. పొద్దుటికి పచ్చటి మడ్డి అడుక్కి దిగి, పైన నీలి నీళ్లు తేరాయి. టార్చి వేస్తే పక్కనుంచి ఎర్రగా మెరిశాయి. కొంచెం మరిగించి చూశాను, నీలం వెలిసిపోయింది. ఈ వర్ణకం ప్రోటీన్‌తో ముడిపడి ఉంటుంది. వేడికి ఆ ప్రోటీన్ చెడుతుంది. అందుకే స్పిరులినా సాగుచేసేవాళ్లు పంటను బట్టలో వడకట్టి, వేడి మించకుండా ఆరబెడతారు.

వాళ్ల తొట్లలో పోసేది తినే సోడా కలిపిన నీళ్లే. ఇతర నాచులు చాలావరకు ఆ క్షారానికి తట్టుకోలేవు, పంట శుభ్రంగా ఉంటుంది. లోనార్‌లో సహజంగా ఉన్నదాన్నే మనిషి తొట్టిలో కలుపుకుంటున్నాడు.

2020 జూన్‌లో నీరు తగ్గి ఉప్పదనం పెరిగి, వేరే సూక్ష్మజీవులు విజృంభించి ఈ సరస్సు గులాబి రంగుకు తిరిగింది. నీటి పాళ్లు మారితే లోనార్ రంగే మారిపోతుంది. తొట్టి నీళ్లను రైతు రోజూ కొలుచుకుంటాడు. ఈ సరస్సులోకి ఊరి మురుగు, పొలాల ఎరువు చేరకుండా చూడాల్సింది మనమే. వెళ్లినవాళ్లు ఒడ్డున సబ్బు వాడకండి, ప్లాస్టిక్ వదలకండి.