గురక గాఢనిద్ర కాదు



మనం కలిసినప్పుడల్లా పాఠ్యపుస్తకాల కొరత గురించి, తగ్గిపోతున్న తెలుగు తరగతుల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి నిద్ర గురించి వ్రాస్తున్నాను. మన తరగతి గదితో దానికి దగ్గరి సంబంధమే ఉన్నది.

హోసూరు ప్రాంతంలో తెలుగు బోధిస్తున్న నన్ను 55వ ఏట ఒక వింత అలసట పట్టుకున్నది. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా ఉదయం తల దిమ్ముగా ఉండేది. మధ్యాహ్నం జవాబు పత్రాలు దిద్దుతుండగా కన్ను మూతపడేది. సహోపాధ్యాయులు కుంభకర్ణుడని నవ్వేవారు. మాత్రలు వాడుతున్నా రక్తపోటు అదుపులోకి రాలేదు. నా శ్రీమతి మాత్రం నవ్వలేదు. "గురక ఉన్నట్టుండి ఆగిపోతోంది, దానితో ఊపిరీ ఆగుతోంది. నాకు భయంగా ఉందండీ" అని పట్టుబట్టి బెంగళూరుకు తీసుకొని వెళ్ళింది. ఈ వ్యాధిని తరచుగా ముందు గమనించేది రోగి కాదు, పక్కన మేలుకొని ఉన్నవారే.

అక్కడ తలకూ ఛాతీకీ తీగలు అంటించి, వేలికి ప్రాణవాయువును కొలిచే క్లిప్పు తగిలించి, ఒక రాత్రి నిద్ర పరీక్ష చేశారు. గంటకు 34 సార్లు నా శ్వాస ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతున్నదని తేలింది. పెద్దలలో ఈ సంఖ్య 5 లోపు ఉంటే సహజం, 30 దాటితే తీవ్రం. దీనిని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకొని పోతుంది. కనీసం 10 సెకన్లు గాలి ఆడకపోతే శ్వాస ఒకసారి ఆగినట్టు లెక్క. ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని క్షణకాలం లేపుతుంది. తెల్లవారితే అది జ్ఞాపకం ఉండదు. దీనిని పట్టించుకోకపోతే రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

నాకు సూచించిన చికిత్స సీప్యాప్ యంత్రం. ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివన్, ఆయన సహచరులు 1981లో ప్రకటించిన పద్ధతి ఇది. మాస్కు ద్వారా ఒత్తిడితో వచ్చే గాలే లోపల ఊతగా నిలిచి గొంతు మూసుకొనిపోకుండా కాపాడుతుంది.

అయితే అలవాటు పడడం సులభం కాదు. మొదటి వారమంతా ఉక్కిరిబిక్కిరి అయ్యాను. నిద్రలోనే మాస్కు లాగి పారవేసేవాడిని. పగలు పత్రిక చదువుతూ అరగంటసేపు తొడుక్కొమ్మని అక్కడి సిబ్బంది చెప్పిన సలహా పనిచేసింది. నోటి గుండా గాలి జారిపోయి గొంతు ఎండిపోయేది. ఉదయం పద్యం రాగయుక్తంగా చదవవలసిన వాడికి అది పెద్ద కష్టం. గాలికి తేమ కలిపే నీటిపెట్టె అమర్చి, అందులో డిస్టిల్డ్ వాటర్ పోయడంతో ఆ బాధ తీరింది. కరెంటు పోయే రాత్రుల కోసం ఇన్వర్టరు పెట్టించుకున్నాము. గొట్టాన్ని చూసి మనుమరాలు "తాతయ్యకు తొండం వచ్చింది" అని చప్పట్లు కొట్టింది. ఆరవ వారానికి మధ్యాహ్నపు కునుకు మాయమైనది. ఈ యంత్రం కళ్ళజోడు వంటిది. పెట్టుకున్నంతసేపే మేలు చేస్తుంది, వ్యాధిని నిర్మూలించదు.

ఇక పిల్లల మాట. వారికీ ఈ వ్యాధి వస్తుంది. టాన్సిళ్ళు, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్లు పెరగడం అందుకు ముఖ్య కారణం. గురక, నోటితో గాలి పీల్చడం, కలత నిద్ర, పక్క తడపడం దీని లక్షణాలు. అటువంటి పిల్లలు తరగతిలో కునికిపాట్లు పడకపోవచ్చు. కుదురు లేకుండా ఉంటారు, చెప్పినది మరచిపోతారు.

మన పరిస్థితి మీరెరిగినదే. ఇంట తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఆంగ్లం ఉన్న బిడ్డ చదువులో వెనుకబడితే, "ఇన్ని భాషల భారం మోయలేకపోతున్నాడు" అని తీర్పు చెప్పి ముందుగా తెలుగునే మాన్పిస్తారు. ఆ నిర్ణయానికి ముందు ఒక ప్రశ్న అడగండి: "బిడ్డ జలుబు లేనప్పుడు కూడా గురక పెడుతున్నాడా?" అవునంటే చెవి, ముక్కు, గొంతు వైద్యుని వద్దకు పంపండి. ప్రతి గురకా వ్యాధి కాదు. వ్యాధి అయితే మాత్రం టాన్సిళ్ళు, అడినాయిడ్లు తొలగించడంతో చాలామంది పిల్లలకు మేలు కలుగుతుంది. ఊపిరాడక వచ్చిన తెలివితక్కువతనాన్ని మాతృభాష మీద మోపడం బిడ్డకూ న్యాయం కాదు, భాషకూ న్యాయం కాదు.