సేవా కౌంటరు దగ్గర నాలుగు రంగులు

సంపాదకుడు నన్ను మంత్రాలయం పంపింది రాఘవేంద్రస్వామి మఠం మీద కథనం కోసం. తుంగభద్ర ఘాట్లు, మంచాలమ్మ గుడి, బృందావనం గురించి ఇప్పటికే ఎందరో చక్కగా రాశారు. నా చూపు మాత్రం సేవా కౌంటరు దగ్గరే ఆగిపోయింది. భక్తుడు పేరు, గోత్రం, నక్షత్రం చెబుతాడు. ఏ సేవ, ఏ తేదీకి అన్నది తేలుతుంది, రసీదు చేతికి వస్తుంది. ఆ చిన్న కాగితంలో నాలుగు వేరు వేరు జాతుల సంగతులున్నాయి. పంచామృతాభిషేకం అన్న పేరు, దాని రుసుము ఎప్పుడూ పట్టికలో ఉండేవి. ఫలానా రోజున ఫలానా కుటుంబం పేరిట జరిగే అభిషేకం వేరు, అది ఒక్కసారే జరుగుతుంది. డబ్బు కట్టినాయన ఒక మనిషి. సేవాకర్త అన్నది ఆ పూటకు ఆయన పాత్ర, రేపు ఆయనే అన్నదానానికి దాత కావచ్చు. ఇలాంటి వ్యవహారానికి సాఫ్ట్‌వేర్ కట్టేవాళ్లు ముందుగా గీసే డయాగ్రమ్‌లో ఈ నాలుగూ ఒకేలాంటి నల్లగీతల పెట్టెలుగా ఉంటే, చూసేవాడికి పేర్లు తెలుస్తాయి గానీ వాటి జాతి తెలియదు.

ఈ లోటును రంగులతో తీర్చవచ్చని పీటర్ కోడ్, ఎరిక్ లెఫెవర్, జెఫ్ డి లూకా 1999లో ‘జావా మోడలింగ్ ఇన్ కలర్ విత్ యూఎంఎల్’ పుస్తకంలో చూపించారు. ఒక క్షణాన జరిగేదానికీ, కొంతకాలం నడిచేదానికీ గులాబీ. పాత్రకు పసుపు. మనిషికి, చోటుకు, వస్తువుకు ఆకుపచ్చ. పట్టికలోని వివరణకు నీలం. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన తిథిని పురస్కరించుకుని ఏటా శ్రావణ బహుళంలో జరిగే ఆరాధననే తీసుకోండి. ఆరాధన అన్న ఉత్సవ వివరణ నీలం. ఈ ఏటి ఆరాధన గులాబీ. పూర్వారాధన, మధ్యారాధన, ఉత్తరారాధన దాని కింద మూడు చిన్న గులాబీ పెట్టెలు. గులాబీ పెట్టె ఒక్కటీ లేని బొమ్మ కనబడితే అక్కడే ఆపి అడగాలి, మీ దగ్గర అసలు జరిగేదేమిటని. ఆ ప్రశ్న ఎందుకో చూడండి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగింది. అలాంటి రోజున సేవ పేరు మారదు, భక్తుడు మారడు, బృందావనం మారదు. మారేవి ఆ తేదీకి రాసుకున్న సేవలు మాత్రమే, కొన్ని వాయిదా పడతాయి, కొన్ని రద్దవుతాయి. తేదీని భక్తుడి వివరాల్లోనే ఇరికించిన డిజైన్‌లో పాతది చెరిపి కొత్తది రాయడం తప్ప దారి లేదు, ఎందుకు మారిందో చెప్పే ఆధారం పోతుంది. కోడ్ రాయకముందే ఈ తప్పును పట్టించగల సాధనం రంగు. దాన్ని మనం వాడుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. 1997లో ప్రమాణంగా ఆమోదం పొందిన యూఎంఎల్ అనే డయాగ్రమ్‌ల భాష, రంగులకు ఏ అర్థమూ కట్టబెట్టలేదని కొందరంటారు. నిజమే, కానీ వద్దనీ అనలేదు. ఆ ఖాళీని ఏదో ఒక నియమంతో నింపుకోకపోతే అలంకారం వచ్చి కూర్చుంటుంది. కంపెనీ లోగోకు జోడుగా పెట్టెలన్నీ నీలంగా వేయడం అలాంటిదే. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ల మాటేమిటి, నలుపు తెలుపులో ప్రింటు తీస్తే ఏమవుతుంది అన్నవి ఇంకా బరువైన ప్రశ్నలు. అందుకే రంగు ఒక్కదాని మీదే భారం వేయకూడదు. పీటర్ కోడ్ పద్ధతిలో ప్రతి పెట్టె మీదా దాని జాతి అక్షరాల్లోనూ ఉంటుంది, రంగు పోయినా అర్థం పోదు. నాలుగే ఎందుకు, పది రంగులు వాడితే ఇంకా చెప్పవచ్చు కదా అనేవారితో మాత్రం నేను ఏకీభవించను. మూలనున్న సూచికను మాటిమాటికీ చూస్తే తప్ప అర్థం కాని రంగు కన్నుకు సాయం కాదు, అదనపు పని.

మన ఇంజనీరింగ్ పాఠాల్లో డయాగ్రమ్‌లోని బాణం మొన ఖాళీగా ఉండాలా నిండుగా ఉండాలా అన్నదానికి మార్కులున్నాయి. ఏ పెట్టె ఏ జాతిది అన్న ప్రశ్నకు చోటు తక్కువ. కర్నూలు, కడప కాలేజీల్లో ఈ పాఠం చెప్పే మాస్టార్లకు, మేడమ్‌లకు నా మనవి ఒక్కటే. ఈసారి లైబ్రరీ పుస్తకాల ఉదాహరణ పక్కన పెట్టి, పిల్లల చేత సేవా కౌంటరు గీయించండి. నాలుగు రంగుల చీటీలివ్వండి, ఒక్కో చీటీ మీద దాని జాతి కూడా రాయించండి.