రాయగడ దారిలో మా బుల్లెట్టు

కోరాపుట్టు నుంచి రాయగడకు కాకిరిగుమ్మ, లక్ష్మీపూర్‌ల మీదుగా సుమారు 110 కిలోమీటర్లు. రైలున్నది, బస్సులున్నవి. అయినా కార్తికమాసంలో కొండవాలులన్నీ వలిసెపూలతో పచ్చబడినప్పుడు మోటారు సైకిలు మీద పోవడంలోని సుఖం వేరు. అమ్మవారి దర్శనానికని మా శ్రీమతిని వెనుక కూర్చుండబెట్టుకొని తెల్లవారుజామున బయలుదేరాము.

మా బండి 1966లో మద్రాసు చెంత తిరువొత్తియూరులో తయారైన బుల్లెట్టు. నాన్నగారు నడిపి నడిపి మాకు అప్పగించినది. నిరుడు దాని ముందు గొట్టానికి చిన్న పగులు కనిపిస్తే, దారి పక్క ఒక దుకాణంలో అరగంటలో కరెంటు వెల్డింగు పెట్టించి, పైన నల్లరంగు పూయించి, చవకలో తేలిపోయిందని సంతోషించాము.

కోరాపుట్టు సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్నది; రాయగడ 200 మీటర్లకు కొంచెం పైన. కాబట్టి మొత్తం మీద దిగుడు దారి. లక్ష్మీపూరు దాటిన తరువాత ఒక మలుపులో బ్రేకు నొక్కగానే హ్యాండిలు వణికింది.

“ఏమండీ, బండి నడుము విరిగినట్టు ఊగుతున్నదేమిటి?” అన్నది శ్రీమతి.

దిగి చూస్తే పాత అతుకు పక్కనే గొట్టం సగందాకా నెర్రె విచ్చింది. ఇంకొక్క మలుపు దాటి ఉంటే ఏమయ్యేదో! ఒక లారీ డ్రైవరు దయతలచి బండితోసహా మమ్మల్ని రాయగడలో దింపాడు.

అక్కడ మాకు దొరికిన ముసలి మిస్త్రీ మాతో తెలుగు మాట్లాడుతూ, కుర్రవాణ్ణి ఒరియాలో కేకలేస్తున్నాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ సీమ విశాఖపట్నం జిల్లాలోనిదే గదా! రెండు భాషలూ ఇక్కడ ఒకే నాలుక మీద కాపురం చేస్తాయి.

“గొట్టానిది కాదు బాబూ తప్పు. ఇంజను బోల్టులు ఎప్పుడు బిగించారు?” అన్నాడు.

మేము నీళ్ళు నమిలాము. ఈ పాత బుల్లెట్టులో ఇంజను కింద చట్రం ఉండదట. ముందు గొట్టానికీ వెనుక పలకలకూ నడుమ ఇంజనే వంతెనలాగా నిలిచి బరువు మోస్తుంది. బోల్టులు వదులైతే ఆ బరువంతా గొట్టం మీద పడుతుంది. పైగా తొందరపాటు అతుకు దాని పక్కనున్న ఉక్కును పెళుసు చేసిందన్నాడు.

“పోనీ, వేరే చట్రం కొని వేసేస్తే?” అన్నాము.

అతడు గుడ్డతో హ్యాండిలు కిందిభాగం తుడిచి, చెక్కి ఉన్న నంబరు చూపాడు. “పుస్తకంలో ఉన్నది ఇదే బాబూ. ఇది పోతే బండే వేరైపోతుంది.”

ఆఫీసులో కాగితాలతో జీవించే మాకు ఆ మాట తగిలింది. నంబరు పోయిన ఫైలు ఎంత లావుగా ఉంటేనేమి? ఆ బండి పుస్తకంలో మొదటి పేరు నాన్నగారిది. బాగు చేయమన్నాము.

రెండు రోజుల పని. పెట్రోలు ట్యాంకు దూరంగా పెట్టించి, ఇంజను దింపి, రంగు గీకించాడు. కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దపొడి చల్లితే కంటికి కనపడని పగులు కూడా తడి గీతగా తేలింది. చెడిన ముక్క కోసి, అదే మందం గల కొత్త ముక్క పెట్టి, రెండు కీళ్ళ దగ్గరా లోపల బిగువైన ఉక్కుగొట్టం దూర్చి, గ్యాసుతో అతికాడు. కాగిన గొట్టం చల్లారేటప్పుడు అతుకు వైపు లాగుతుందట. అందుకని ఖాళీ ఇంజను డొక్కు ఒకటి ముందే బోల్టులతో బిగించి ఉంచాడు. నీళ్ళు చల్లబోయిన కుర్రవాడి చెయ్యి పట్టుకొని, గాలికే చల్లారనిచ్చాడు. చివరకు చక్రాలకు రెండువైపులా దారం లాగి వంకర చూశాడు.

ఈలోగా మేము అమ్మవారి దర్శనం చేసుకున్నాము. ఒరియావారికి ఆమె మఝిఘరియాణి; మనవారికి మజ్జిగౌరమ్మ. కొండదారిలో కాపాడినందుకు మ్రొక్కు తీర్చి, నాగావళి ఒడ్డున కాసేపు కూర్చున్నాము.

తిరుగు దారిలో ఏ మలుపులోనూ హ్యాండిలు వణకలేదు. అతుకు చోట రంగు వేయవద్దని మిస్త్రీతో మేమే అన్నాము. తుప్పు పట్టకుండా నూనె రాస్తున్నాము. మళ్ళీ పగిలితే కంటికి కనపడాలి గదా! ఇప్పుడు మా శ్రీమతి బండి ఎక్కే ముందు అడిగేది ఒకటే: “బోల్టులు చూశారా?”