సెటిల్‌మెంట్ వచ్చాక వచ్చిన ఉత్తరం

సెటిల్‌మెంట్ కుదిరిందని లాయర్ ఫోన్ చేసిన రోజు ఇంట్లో పాయసం చేశాను. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న నా కారును వెనక నుంచి ట్రక్కు గుద్దిన ఏడాదిన్నరకి, 30 వేల డాలర్లు! మెడనొప్పి పూర్తిగా పోలేదు. పోనీలే, ఆ డబ్బుతో అమ్మ మోకాళ్ళ ఆపరేషన్ చేయిద్దామనుకున్నాను.

రెండు రోజులకి లాయరే మళ్ళీ చేశాడు. మా హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్ళు ఉత్తరం రాశారట. ప్రమాదం తర్వాత నా వైద్యానికి వాళ్ళు కట్టిన 12,600 డాలర్లు తిరిగి ఇవ్వాలట. లాయర్ ఫీజు మూడో వంతు, అంటే 10 వేలు పోతే నాకు మిగిలేది 7,400.

"దెబ్బ తగిలింది నీకైతే డబ్బు వాళ్ళకెందుకే?" అంది అమ్మ. నాకూ అదే ఉక్రోషం. నెలనెలా మావారి జీతంలోంచి ప్రీమియం పోతూనే ఉందిగా!

దీన్ని సబ్రొగేషన్ అంటారట. గుద్దినవాళ్ళ ఇన్సూరెన్స్ ఇచ్చే డబ్బులో వైద్యం ఖర్చు కూడా కలిసే ఉంటుంది కాబట్టి, ముందే ఆ ఖర్చు పెట్టినవాళ్ళు వచ్చి అడుగుతారు. అప్పుడు గుర్తొచ్చింది. ప్రమాదమైన కొత్తలో "మీ గాయానికి మరెవరైనా కారణమా?" అని ఒక ఫారం వచ్చింది. ఏదో ప్రకటన అనుకుని పారేశాను.

లాయర్ ముందు బిల్లుల జాబితా తెప్పించాడు. ఒక్కో పద్దూ చూసుకుంటూ పోతే నా థైరాయిడ్ పరీక్షలు కూడా అందులో ఉన్నాయి! ఆ 600 తీసేయించాం.

తర్వాత ప్లాన్ డాక్యుమెంట్. మావారి కంపెనీది సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్. బిల్లులు కట్టేది కంపెనీయే, ఇన్సూరెన్స్ వాళ్ళు కాగితాలు చూస్తారంతే. ఇలాంటి ప్లాన్లకి 1974 నాటి ఎరిసా చట్టం వర్తిస్తుంది, రాష్ట్ర చట్టాల రక్షణ ఉండదు. ప్లాన్‌లో రాసిందే వేదం. రాతపూర్వకంగా అడిగితే 30 రోజుల్లో ఆ డాక్యుమెంట్ ఇవ్వాలి.

మా ప్లాన్‌లో లాయర్ ఫీజు ఊసే లేదు. అలా లేనప్పుడు ఫీజులో ప్లాన్ కూడా తన వాటా భరించాలని 2013లో సుప్రీంకోర్టు యు.ఎస్. ఎయిర్‌వేస్, మెకచన్ కేసులో చెప్పింది. దాంతో 12 వేలు కాస్తా 8 వేలైంది. నాకు 12 వేలు మిగిలాయి. "ఫీజుతో మాకు సంబంధం లేదు" అని ప్లాన్‌లో రాసి ఉంటే మాత్రం బతిమాలుకోవడమే.

అమ్మ ఆపరేషన్ అయింది. మీ ఇంటికీ ఆ ఫారం వస్తే పారేయకండి. వాళ్ళ లెక్క తేలేదాకా పాయసం కూడా చేయకండి!