మూడవ చక్రము

తార్నాకలో మా యిల్లు లాలాగూడ వైపునకు పోవు సందులో నుండెను. ఉదయము రైల్వే కర్మాగారపు కూత వినబడగానే మా వీధిలోని పురుషులు పలువురు అన్నపు డబ్బాలు చేతబట్టుకొని సైకిళ్ళపై బయలుదేరెడివారు. వారిలో మా నాయనయు నొకరు. ఆయన 34 సంవత్సరములు రైలుపెట్టెల చక్రములతోను, ఇరుసులతోను కాలము గడపిరి. చిన్న సుత్తితో చక్రముమీద ఒక్క దెబ్బ కొట్టి, ఆ మ్రోతనుబట్టి అందు బీట యున్నదో లేదో చెప్పగలిగెడివారు. చెడని చక్రము గంటవలె మ్రోగును. బీటవారినది ఓటికుండవలె పలుకును. తరువాతి కాలమున ఈ పరీక్షకు యంత్రములు వచ్చినవి గాని, నాయనకు యంత్రము చెప్పిన మాటకంటె చెవి చెప్పిన మాటమీదనే గురి యెక్కువ. ఆ యలవాటు ఆయనను ఇంటిలోను విడువలేదు. కుండ కొన్నను, పుచ్చకాయ కొన్నను, తట్టి విననిదే డబ్బు తీయరు. పెండ్లినాడు పుట్టింటివారు పెట్టిన బిందెలనుకూడ అట్లే తట్టి చూచిరని మా అమ్మ నవ్వుచు చెప్పుచుండును.

మా వీధికి ఒక వైపున కర్మాగారము, మరియొక వైపున ఉస్మానియా విశ్వవిద్యాలయము. తార్ అనగా ఉర్దూలో తీగ, నాకా అనగా కావలి చోటు. పూర్వమిచ్చట తీగకంచె వేసిన తోటయు, దానికొక కావలియు నుండుటచే తార్నాక యను పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. విశ్వవిద్యాలయమును 1918లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ స్థాపించెను. దాని ఆర్ట్సు కళాశాల భవనము 1939లో ప్రారంభమయ్యెను. గులాబి వన్నె రాతితో కట్టిన ఆ భవనము ముందు నిలిచినచో ఎంతటి పొడగరియు చిన్నవాడుగా కనబడును. నేను భౌతికశాస్త్రమున ఎం.ఎస్.సి. తరగతిలో చేరిన దినమున నాయన నాతో వచ్చి, ఆ మెట్లను చెప్పులు విప్పి యెక్కిరి. అది గుడి కాదని నేను చెప్పితిని. ఆయన వినిపించుకొనలేదు.

2016లో నగరమునకు దక్షిణమున, బాహ్యవలయ మార్గమునకు దాపున, రావిర్యాలవద్ద వండర్లా యను వినోదవనము తెరచిరి. కొచ్చిలో 2000లోను, బెంగళూరున 2005లోను ఇట్టి వనములను నెలకొల్పిన సంస్థయే ఇచ్చటను దీనిని నిర్మించినది. అందులో రికాయిల్ అను రోలర్ కోస్టరు కలదనియు, అది ముందునకు పోయిన త్రోవనే మరల వెనుకకు వచ్చుననియు, పోవునపుడును వచ్చునపుడును మనుష్యులను తలక్రిందులు చేయుననియు పత్రికలలో వచ్చెను. నాయన అప్పటికి ఉద్యోగ విరమణ చేసి యొక సంవత్సరమైనది. ఆ ప్రకటనను ఆయన కళ్ళజోడు పెట్టుకొని రెండు మారులు చదివిరి.

“మా రైలుపెట్టె తన బరువుచేతనే పట్టామీద నిలుచును. చక్రమునకు లోపలి యంచు ఒకటి యుండును గనుక ప్రక్కకు జారదు. తలక్రిందులైనచో బరువు ఎచ్చట నున్నది? అంచు ఏమి చేయును? వీరు చక్రములను ఎట్లు బిగించిరో చూడవలెను,” అనిరి.

చూడవలెననగా ఎక్కవలెననియే అర్థము. నా గుండె గుభేలుమన్నది.

దీనికి కారణము చెప్పవలెను. మా నగరమున ఏటేట జనవరి మాసమున నుమాయిష్ జరుగును. దానిని 1938లో మొదలిడినవారు ఉస్మానియా పట్టభద్రుల సంఘమువారే. మొదట పబ్లిక్ గార్డెన్సులో జరిగిన ఆ ప్రదర్శనము 1946లో నాంపల్లి మైదానమునకు మారినది. నాకు ఏడేండ్లప్పుడు నాయన నన్ను అచ్చట పెద్ద రంగులరాట్నము ఎక్కించిరి. తొట్టి పైకి పోయి ఆగగానే క్రింద దీపములన్నియు నీటిలో కదలునట్లు కనబడెను. నేను వేసిన కేకకు రాట్నము నడుపువాడు మమ్ములను మధ్యలోనే దింపివేసెను. నాటినుండి మూడంతస్తుల మేడమీదినుండి క్రిందికి చూచినను నా అరికాళ్ళు జిల్లుమనును. ఈ సంగతి మా నాయనకు మరపు వచ్చినదని నేననుకొనుచుంటిని.

ఒక సాయంకాలము మేమిద్దరము ఆర్ట్సు కళాశాల మెట్లమీద కూర్చుంటిమి. నాయన జేబులోనుండి ఆ ప్రకటన కాగితమును తీసి, “మీ శాస్త్రమేమి చెప్పును?” అని యడిగిరి. కాగితముపైన నాకు భయము లేదు. రోలర్ కోస్టరు పెట్టెలకు ఇంజను లేదనియు, ఎత్తునకు లాగి విడిచినపుడు ఆ యెత్తే వేగముగా మారుననియు చెప్పి, దాని అంచున లెక్క వేసితిని. 35 మీటర్ల యెత్తునుండి విడిచినచో, ఘర్షణ యేమియు లేకున్న, దిగువకు వచ్చుసరికి సెకనుకు 26 మీటర్లు, అనగా గంటకు 94 కిలోమీటర్ల వేగము వచ్చును. పెట్టెలో పదిమంది యున్నను, ఇరువదిమంది యున్నను ఈ లెక్క మారదు. గాలియు, చక్రముల రాపిడియు కొంత తినివేయును.

“ఇది మాకు తెలిసినదే. గూడ్సు యార్డులలో పెట్టెలను గట్టుమీదికి నెట్టి విడుతుము. అవియే దొర్లుకొని తమ తమ పట్టాలమీదికి పోవును,” అనిరి నాయన. నేను రెండేండ్లు చదివిన దానిని ఆయన రెండు మాటలలో తేల్చివేసిరి.

గ్రంథాలయమున చదివిన చరిత్రనుకూడ చెప్పితిని. పూర్వము రష్యాలో శీతకాలమున కొయ్యతో ఎత్తైన వాలులు కట్టి, నీరు పోసి గడ్డకట్టించి, వానిమీద జారెడివారు. అందుచేతనే ఫ్రెంచివారు రోలర్ కోస్టరులను నేటికిని రష్యా కొండలని పిలుతురు. 1884లో అమెరికాయందు న్యూయార్కు చెంతనున్న కోనీ ద్వీపమున లామార్కస్ థామ్సన్ అనునతడు పట్టాలపై నడచు బండిని పెట్టెను. దాని వేగము గంటకు ఆరు మైళ్ళు మాత్రమే. ఎద్దులబండికంటె కొంచెము మేలు. అయినను జనులు అయిదేసి సెంట్లిచ్చి బారులు తీరిరి. 1895లో అచ్చటనే ఒకరు పట్టాను నిండు వలయముగా చుట్టి మనుష్యులను తలక్రిందులుగా త్రిప్పిరి. అది మెడలకు ముప్పు తెచ్చెను. వలయము సరిగా గుండ్రముగా నున్నచో, శిఖరమున పడిపోకుండ నుండవలసినంత వేగముతో పోయిన మనుష్యునికి అడుగున తన బరువు ఆరింతలుగా తోచును. 1976లో జర్మనీ దేశపు ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ రూపొందించిన పట్టా, నిలువుగా పట్టిన కన్నీటిబొట్టువలె పైన ఇరుకుగా, క్రింద వెడల్పుగా నుండుటచే ఆ బాధ తగ్గినది.

ఇదియంతయు నాయన మర్యాదగా వినిరి. కాని 1919లో జాన్ మిల్లర్ అను అమెరికను పొందిన హక్కుపత్రమును గూర్చి చెప్పినప్పుడు మాత్రము ముందునకు వంగిరి. పట్టాపైన నడచు చక్రమొకటి, ప్రక్కన ఒత్తు చక్రమొకటి యుండగా, పట్టాకు అడుగున మూడవ చక్రమొకటి అమర్చి, బండి పైకి లేచిపోకుండ పట్టియుంచవచ్చునని ఆతడు చూపెను.

“మంచి బుద్ధి,” అనిరి నాయన. కొంతసేపటికి, “అడుగు చక్రమునకు, పట్టాకు నడుమ ఎంత సందు విడిచిరి? బొత్తిగా అంటినచో వేడెక్కును. ఎక్కువ విడిచినచో కొట్టుకొనును,” అని యడిగిరి. పుస్తకమున అది లేదు.

డిసెంబరు మాసమున బయలుదేరితిమి. మెట్రో రైలు అప్పటికింకను రాలేదు. తార్నాక కూడలిలో దాని స్తంభములు అప్పటికే లేచి నిలిచియుండెను. ఎల్.బి.నగర్‌లో బస్సు మారి, పది గంటలకు వనము చేరితిమి. అక్కడి నీటి క్రీడలను, పిల్లల బండ్లను గూర్చి వ్రాయను. నాయన వానిని కన్నెత్తి చూడలేదు. నేరుగా రోలర్ కోస్టరు కంచె దగ్గరకు పోయి, నాలుగు మారులు బండి వచ్చి పోవువరకు కన్నులు మూసికొని వినిరి.

“ఇనుము మీద ఇనుము కాదు. చక్రమునకు ఏదియో తొడిగిరి,” అనిరి.

వరుస మొదట ఒక పలక కలదు. హృద్రోగులును, రక్తపు పోటు గలవారును, మెడ నొప్పి, నడుము నొప్పి గలవారును, గర్భిణులును ఎక్కరాదని దానిమీద వ్రాసియుండెను. నాయన దాని ముందు నిలిచిరి. రెండేండ్లుగా ఆయన రక్తపు పోటునకు మాత్రలు వాడుచుండిరి. మా వెనుకనున్నవారు మమ్ములను దాటి పోవుచుండిరి. ఎవ్వరును ఎవ్వరిని ఏమియు అడుగుటలేదు. ఆయన తిన్నగా లోనికి నడచిపోయినచో ఆపువారు లేరు.

ఆ క్షణమున నాకు కలిగిన తలపును దాచను. నాయనకు కోరిక తీరదే యని నేను విచారింపలేదు. ఆయన ఎక్కనిచో నేనును ఎక్కనక్కరలేదని నా ప్రాణము కుదుటపడినది.

ఆయన పలకను కడవరకు చదివి, వరుసనుండి ప్రక్కకు తొలగిరి. “ఎర్రజెండా పాతిన తరువాత ఆగనివానిని కర్మాగారములో మేమెన్నడును మన్నింపలేదు,” అని, నా వంక చూచి, “నీవు పోయి చూచి రమ్ము. నుమాయిష్ నాటివలె భయమైనచో వలదు. అక్కడ టీ త్రాగి పోదము,” అనిరి.

ఆయనకు మరపు రాలేదు. ఇన్ని యేండ్లును తెలిసియు ఒక్కనాడైనను నన్ను ఎగతాళి చేయలేదు. నేను మారు మాటాడక వరుసలో నిలిచితిని.

భుజములపైనుండి ఇనుప కమ్మి దిగి బిగిసికొనెను. బండి ముందునకు కదలునని యెదురు చూచుచుండగా, వెనుకకు కదలెను. ఒక తాడు మమ్ములను వీపువైపుగా నిట్టనిలువు వాలుమీదికి లాగుచుండెను. అందుచేత ముఖము నేలవైపునకు తిరిగెను. చూడరాదనుకొన్నదంతయు ఎదుటనే కనబడెను. కంచెవద్ద తెల్లచొక్కా యొకటి బియ్యపుగింజంత యుండెను. అది చేయి యెత్తెనో లేదో తెలియలేదు. ఇంతలో తాడు విడిచినది.

మొదటి సగమునుగూర్చి చెప్పుటకు నాయొద్ద ఏమియు లేదు. కన్నులు మూసికొంటిని. ఆకాశము, నేల చోటులు మార్చుకొన్నట్లు కడుపునకు మాత్రము తెలిసినది. పిమ్మట రెండవ వాలుమీద బండి మెల్లగా పైకి ప్రాకి, శిఖరమున ఒక్క లిప్తపాటు నిలిచెను. ఎదుట ఆకాశము తప్ప ఏమియు లేదు. అప్పుడు నాయన మాట జ్ఞప్తికి వచ్చెను. నన్ను పంపినది కన్నులు మూసికొనుటకు కాదు. తెరచితిని. బండి వెనుకకు జారెను. ఈ మారు నేను విన్నాను. రైలు చక్రముల టకటక కాదది. ప్లాస్టికు వంటి తొడుగు గల చక్రములు బోలు గొట్టమువంటి పట్టాపై దొర్లుటచే, పెద్ద తంబురను ఎవరో ఎడతెగక మీటుచున్నట్లుండెను. తలక్రిందులైన చోట ఆ మ్రోత ఒక్క పాలు పలుచనై, మరల చిక్కనయ్యెను. అచ్చట భారము ఒక చక్రమునుండి మరియొక చక్రముమీదికి మారినదేమో యని నాకు తోచెను. అది సరియో కాదో నాయన చెప్పవలె ననుకొనుచుండగానే బండి ఆగినది.

దిగినపుడు నా మోకాళ్ళు నావి కావు. నాయన మోచేయి పట్టుకొని బల్లమీద కూర్చుండబెట్టి, నీళ్ళిచ్చి, నేను త్రాగువరకు ఓర్చుకొనిరి. తరువాత అడిగిన మొదటి ప్రశ్న, “మ్రోత యెట్లుండెను?” అనియే. నేను చెప్పుచుండగా రెండు మారులు ఆపి, పలుచనైన చోటును గూర్చి మరల చెప్పించుకొనిరి.

మరునాటి సాయంకాలము నడకకు పోయి ఆర్ట్సు కళాశాల రైల్వే స్టేషనులో కూర్చుంటిమి. ఫలక్‌నుమా వైపు పోవు లోకల్ రైలు వచ్చి, ఆగి, కదలిపోయెను. నాయన దాని మ్రోతను విని తల యూపి, ప్రకటన కాగితము వెనుకవైపున మూడు చక్రములు గీసిరి. నడచునది, ఒత్తునది, పట్టునది. పెన్సిలు మొనను మూడవదాని మీద నిలిపి, “సందు ఎంత?” అని యడిగిరి.

బండి యెక్కునపుడు నేను అడుగుభాగమును చూడనేలేదు. ఆ మాటయే చెప్పితిని. ఆయన కాగితమును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకొని, మరునాడు రైల్వే ఆసుపత్రికి పోయి రక్తపు పోటు చూపించుకొని వచ్చెదననిరి.